కోర్టు ధిక్కారము – ఆస్ట్రేలియా గుణపాఠము

డిక్రీ పొందుట యొక యెత్తు, దానిని అమలు జరిపించుకొనుట మరియొక యెత్తు అని వ్యాజ్యమాడిన ప్రతి గృహస్థునకును తెలియును. గట్టు త్రవ్వరాదని కోర్టు ఇంజంక్షను ఇచ్చిన మరునాడే పొరుగువాడు పలుగు చేతబట్టినచో ఆ కాగితమునకు విలువ యేమి? ఈ ప్రశ్నకు ఆంగ్ల న్యాయసంప్రదాయము చెప్పిన సమాధానమే కోర్టు ధిక్కార శిక్ష. ఆ సంప్రదాయమునే అనుసరించు ఆస్ట్రేలియాలో ఈ యధికారమునకు సంభవించిన పరీక్ష మన పాఠకులును గమనింపదగినది.

1985లో ఆ దేశపు ఉత్తర భాగమున మడ్జిన్‌బెరీ పశువధశాల యొద్ద పికెటింగును మానవలెనని ఫెడరల్ కోర్టు ఉత్తరువు చేయగా మాంస పరిశ్రమ కార్మిక సంఘము లెక్కచేయలేదు. సంఘముపై జరిమానా పడెను. ఆస్ట్రేలియాలో హైకోర్టే సర్వోన్నత న్యాయస్థానము. ఇట్టి యవిధేయతకు జరిమానా విధించు అధికారము కోర్టులకు గలదని 1986లో అది తీర్మానించెను. ఉత్తరువును బుద్ధిపూర్వకముగ మీరుటయే చాలును. కోర్టును అవమానింపవలెనను తలంపు ఉండనక్కరలేదు. 2012లో మెల్బోర్నులో జరిగిన యడ్డగింపులకు నిర్మాణ కార్మికుల సంఘముపై విక్టోరియా సుప్రీముకోర్టు 2014లో పండ్రెండున్నర లక్షల డాలర్ల జరిమానా విధించినది.

ఈ కాఠిన్యమును మేము గర్హింపము. బలవంతుడు ఉత్తరువును త్రోసిపుచ్చి తిరుగగలిగినచో బలహీనునకు న్యాయస్థానము వలన కలుగు రక్ష యేదియు లేదు. కాని యిందు మరియొక పార్శ్వము గలదు. తక్కిన నేరములలో నేరము మోపువారొకరు, తీర్పు చెప్పువారొకరు. ధిక్కారమునందో, ఉత్తరువు చేసినదియు, అది చెడినదని యాగ్రహించునదియు, శిక్షించునదియు నొక్క న్యాయస్థానమే కావచ్చును. అందువలననే ఉత్తరువు సందిగ్ధము లేనిదై యుండవలెననియు, మీరినచో జైలుశిక్షకు గురికావచ్చునను హెచ్చరికతో ప్రతివాది చేతికి అందవలెననియు, ఆరోపణ స్పష్టముగ వ్రాయబడవలెననియు అచ్చటి నిబంధనలు కోరుచున్నవి. సివిలు వ్యాజ్యమునందు పుట్టిన ధిక్కారమైనను, సహేతుకమైన సంశయమునకు తావులేకుండ రుజువు కావలెనని 1995లో హైకోర్టు శాసించెను.

ఈ కట్టుబాట్లు గాలికి పోయినపుడు ఏమగునో 2018 డిసెంబరులో తేటపడెను. భార్యాభర్తల ఆస్తి తగవులో, లెక్కల కాగితములు దాఖలు చేయలేదని యొక గృహస్థునకు ఫెడరల్ సర్క్యూట్ కోర్టు న్యాయాధిపతి 12 మాసముల శిక్ష విధించెను. ఆరోపణ వ్రాయబడలేదు, లోపము నిజముగ జరిగెనా యను విచారణయు లేదు. ఆతడు దాదాపు వారము దినములు నిర్బంధమున నుండెను. 2019 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. 2023లో ఫెడరల్ కోర్టు ఆతనికి 3,09,450 డాలర్ల నష్టపరిహారము నిర్ణయించెను. ఆ సంతోషమును నిలువలేదు. న్యాయాధిపతి తన హోదాలో చేసిన పనికై ఆయనపై దావా చెల్లదనియు, ఉత్తరువును అమలుచేసిన యుద్యోగులకును రక్ష గలదనియు 2025 ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు చెప్పెను.

న్యాయాధిపతులకు ఈ రక్ష అవసరమని మేమును అంగీకరింతుము. ఓడిన ప్రతివాడును న్యాయాధిపతిపై దావా వేయగలిగినచో నిర్భయముగ తీర్పు చెప్పువారుండరు. అయితే న్యాయాధిపతికి రక్ష యుండుటకును, నిరపరాధి యనుభవించిన నిర్బంధమునకు ప్రతిఫలము లేకపోవుటకును సంబంధమేమి? అప్పీలు గలదు గదా యందురు. అప్పీలు రాబోవు దినములను కాపాడునే గాని గడచిన రాత్రులను తిరిగి తెచ్చి యీయదు. తప్పు రాజ్యము పేర జరిగినది. రాజ్యపు బొక్కసమే దానిని భరింపవలెను. అచ్చటి పార్లమెంటు అట్టి శాసనము చేయుట న్యాయమని మా యభిప్రాయము.

మన 1971 ధిక్కార చట్టము ఆరు మాసములకు మించి జైలుశిక్ష విధింపరాదని హద్దు గీచినది. ఆ హద్దు మంచిదే. కాని విచారణ లేని శిక్ష ఒక్క దినమైనను అన్యాయమే. ఉత్తరువును మన్నించుట ప్రజల ధర్మము; మన్నింపని వానినైనను విధిప్రకారము విచారించుట న్యాయస్థానపు ధర్మము. రెండవది తప్పిననాడు మొదటిదానిని కోరు నైతికబలము న్యాయస్థానమునకు తగ్గిపోవును.