పైపు స్థానే గాలిమర

ప్యారిస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు జాక్ తాతి చిత్రాల విడుదలనాటి అసలు పోస్టర్లను సేకరిస్తుంటాడు. "జీతమంతా పాత కాగితాలకు పోస్తున్నావేమిరా?" అని ఒకప్పుడు మందలించాను. ఆ మాటను ఇప్పుడు ఉపసంహరించుకుంటున్నాను. కారణం మనవి చేస్తాను.

తాతి (1907–1982) ఫ్రెంచి హాస్యచిత్రాల దర్శకుడు, నటుడు. కురచ ప్యాంటు, నోట పైపు, ముందుకు వాలిన నడక - ఇవి ఆయన సృష్టించిన మస్యూ ఉలో ఆనవాళ్లు. 1958 నాటి 'మోన్ ఓంక్ల్'లో ఉలో ఒక పిల్లవాడి తల్లికి తోడబుట్టినవాడు. మన మాటలో మేనమామ. ఆ చిత్రానికి పోస్టరు గీసినది తాతి వద్ద సహాయకుడుగా పనిచేసి, తరువాత తానే దర్శకుడైన పియేర్ ఎతెక్స్.

2009లో ప్యారిస్‌లోని సినిమాథెక్ ఫ్రాన్సేజ్ తాతిపై ప్రదర్శన ఏర్పాటు చేసింది. ప్రకటనలో మోపెడ్ మీద ఉలో, వెనుక మేనల్లుడు. పొగాకు ప్రచారాన్ని నిషేధించే 1991 నాటి చట్టానికి జంకి, మెట్రో, బస్సు ప్రకటనలలో ఉలో నోటి పైపును తొలగించి, పసుపుపచ్చ గాలిమర బొమ్మను అమర్చారు. పిల్లలు పొగ త్రాగరాదన్న ఉద్దేశం మంచిదే. కాని పైపు లేని ఉలో ఉలోయేనా?

ఈ ప్రశ్న అడిగే అర్హత నాకు లేదని నా శిష్యుడే గుర్తు చేశాడు. "మాస్టారూ, మీరు తరగతిలో ఒక ప్రబంధ పద్యంలోని శృంగారపదం తీసి వేరొకటి పెట్టి చదివారు. పెద్దయ్యాక పుస్తకం చూస్తేగాని నాకు తెలియలేదు. నాటినుండి అసలు ప్రతి కళ్లారా చూడనిదే దేనినీ నమ్మను" అన్నాడు. గణభంగం కాకుండా మార్చానని లోలోపల గర్వించినవాడిని. ఆ మాటకు తలవంచాను. పద్యాన్ని వదిలివేసి ఉంటే తప్పు కాదు. మార్చి, కవి మాటగా అప్పగించడం తప్పు.

తాళపత్రాలు సరిపోల్చి పాఠాంతరాలు గుర్తించడం మాకు చదువులో భాగం. వాడు చేస్తున్నదీ ఆ పనే. తాతి 1953 నాటి 'మస్యూ ఉలో సెలవులు' చిత్రాన్ని తానే పలుమార్లు సవరించి, 1978లో కొత్త దృశ్యాలు సైతం చేర్చాడు. కాబట్టి తొలి విడుదల పోస్టరు వేరు, పునర్విడుదల పోస్టరు వేరు. ఫ్రెంచి పెద్ద పోస్టరు సుమారు 120×160 సెంటీమీటర్లుంటుంది. మడిచి సినిమాహాళ్లకు పంపేవారు గనుక పాతవాటిలో మడతలు సహజం. అడుగున ముద్రాపకుని పేరు, పాత సిరా, కాగితపు తీరు, ఇవన్నీ పరిశీలించి కాలనిర్ణయం చేయాలి. కొందరు గుడ్డపై అతికించి భద్రపరుస్తారు.

ధర పెరుగుతుందని కొని బీరువాలో దాచేవారిని నేను సమర్థించను. పదిమందికి చూపని ప్రతి చెదలకు ఆహారమైన తాటాకుతో సమానం. నా శిష్యుడు మాత్రం ఎతెక్స్ గీసిన పోస్టరును, 2009 నాటి గాలిమర ప్రకటనను ప్రక్కప్రక్కనే గోడకు తగిలించి, వచ్చినవారికి రెండింటినీ చూపి తేడా చెబుతాడట. మార్పును కూడా చరిత్రగా దాచడం వాడి సంస్కారం.

మొన్న వాడికి ఉత్తరం వ్రాశాను. అందులో ఆ పద్యాన్ని కవి వ్రాసిన మాటతోనే పూర్తిగా వ్రాసి పంపాను. నలభై ఏళ్లు ఆలస్యమైంది.