మాంట్‌గోమరీ వచ్చు, కారంచేడు రాదు

నేను చెప్పిన పదో తరగతి సోషల్ పుస్తకంలో అమెరికా నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమం ఉండేది. రోజా పార్క్స్‌ బస్సులో సీటు ఇవ్వనన్నదనగానే వెనక బెంచీలవాళ్లు కూడా తలెత్తేవాళ్లు. 1955 డిసెంబరు నుంచి 381 రోజులు మాంట్‌గోమరీ నల్లవాళ్లు బస్సెక్కలేదంటే, ‘అన్నాళ్లూ నడిచే వెళ్లారా సార్?’ అనేవాళ్లు. చీరాల ప్రాంతంలో ఏళ్లతరబడి ఈ పాఠం చెప్పాను, ఏనాడూ ఇబ్బంది పడలేదు. దూరపు గొడవ కదా!

పక్కనున్న కారంచేడు పేరెత్తితే మాత్రం మాస్టర్లకు గొంతు పట్టేస్తుంది. 1985 జులై 16న అక్కడ మంచినీళ్ల చెరువు దగ్గర పెద్దకులంవాళ్లు కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక మాదిగ కుర్రాడు వద్దన్నాడు. అతన్ని కొడుతుంటే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలిచింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. చాలామంది మళ్లీ ఊరికి వెళ్లనే లేదు. దళిత మహాసభ పుట్టింది అందులోంచే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి మాట్లాడేవాళ్లు ఈ ఊరిని తలవకుండా ఉండరు.

పరీక్షలో ‘అంటరానితనాన్ని నిషేధించిన అధికరణం?’ అని వస్తుంది. 17 అని రాస్తే మార్కు పడుతుంది. రాజ్యాంగం వచ్చిన 35 ఏళ్లకు సువార్త బిందె ఎందుకు ఎత్తాల్సొచ్చిందో ఆ జవాబు రాసిన పిల్లకు ఎవరూ చెప్పరు.

‘రెండు కులాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు మాస్టారూ, లేనిపోని తంటా ఎందుకు?’ అన్నారు స్టాఫ్‌రూంలో ఒకాయన. తీసిపారేసే భయం కాదది. కానీ పిల్లలకు తెలియదనుకోవడం వట్టి మాట. ఇద్దరూ ఇంట్లో విన్నారు, చెరో కథ. ఆ రెండు కథల్నీ కోర్టు తీర్పుల పక్కన పెట్టి చదివించగల చోటు బడి కాక ఇంకేదుంది? చుండూరు చూడండి. 1991లో అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అలా ఎందుకైందని ఒక పిల్ల అడిగితే సాక్ష్యం, అప్పీలు, పోలీసు దర్యాప్తు అన్నీ చెప్పుకోవచ్చు. సివిక్స్ అంటే అదే కదా.

ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి. చార్టు మీద అంబేద్కర్ బొమ్మ అంటించుకు రమ్మనే బదులు, తాతలనాడు మన ఊళ్లో ఏ బావి నీళ్లు ఎవరు తోడుకునేవారో, టీ హోటల్లో గ్లాసులు వేరుగా ఉండేవో లేదో, ఉంటే ఎవరు మాన్పించారో అడిగి రాసుకు రమ్మనండి. పేర్లు అక్కర్లేదు. రాసుకొచ్చినవి క్లాసులో పైకి చదివించి, మార్కులు వాటికివ్వండి.