కుక్కపిల్ల తిరగబడితే కర్ర కాదు, వైద్యం కావాలి

కుక్కలు పెంచేవారికి, అపార్ట్‌మెంట్ సంఘాలకు, పశుసంవర్ధక శాఖకు విజ్ఞప్తి

నిన్నటిదాకా సందులో కనబడ్డ ప్రతి కుక్కతోనూ ఆడిన పిల్ల ఇవాళ పక్కింటి కుక్క దగ్గరికి రాగానే గుర్రుమంటుంది. పొగరెక్కిందని ఒకరు, దాని జాతే అంతని ఇంకొకరు తేల్చేస్తారు. గొలుసు బిగుస్తుంది, కర్ర లేస్తుంది. చివరికి కొన్ని పిల్లలు వీధి పాలవుతాయి. ఇంత జరిగినా పశువైద్యుడికి చూపించాలని ఎవరికీ తోచదు. ఈ అలవాటు మారాలి.

కుక్కలు ఒకదాన్నొకటి పలకరించుకునేది మూతి, చెవులు, తోక కింద వాసన చూసి. చెవిలో చీము పట్టిన పిల్ల తల ఒక పక్కకు వాల్చి మాటిమాటికీ విదిలిస్తుంది. ఇంకో కుక్క ముక్కు ఆ చెవికి తగిలిందో, కుయ్యిమని అరిచి కరవబోతుంది. చెవి మడత ఎత్తి చూస్తే లోపల ఎర్రగా వాచి, కంపు కొడుతూ ఉంటుంది. చూసేవారికి కోపంగా కనిపించింది నిజానికి నొప్పి.

బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్ బృందం 2020లో ఇదే చెప్పింది. నడత బాగాలేదని నిపుణుల దగ్గరికి తెచ్చిన జంతువుల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకు ఏదో ఒక నొప్పి ఉంటుందని వారి అంచనా.

కొన్ని జబ్బులు పిల్లను రెచ్చగొట్టవు, ముడుచుకుపోయేలా చేస్తాయి. 1978లో బయటపడిన పార్వో అలాంటిదే. వాంతులు, రక్త విరేచనాలు మొదలవకముందే పిల్ల ఆట మాని, గిన్నె ముందు నుంచి మొహం తిప్పుకుని మూలకు చేరవచ్చు. హుషారు వస్తుందని దాన్ని మిగతా కుక్కల మధ్యకు తీసుకెళ్తే వాటికీ ప్రమాదమే. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

జబ్బు తగ్గాక ఇంకో చిక్కు. మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు పిల్ల తోటి కుక్కలతో మెలగడం నేర్చుకుంటుంది. ఆ రోజులు మంచాన గడిస్తే తర్వాత కుక్కను చూస్తేనే బెదురుతుంది. అలాంటి పిల్లకు, వైద్యుడు సరేనన్నాక, టీకాలు పూర్తయిన నెమ్మదైన పెద్ద కుక్కతో కొద్దికొద్దిగా చెలిమి చేయించాలి. కొడితే బెదురు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. ఉన్నట్టుండి కనబడినదాన్నల్లా కరవడం, గొంతు మారడం, దవడ వేలాడి చొంగ కారడం రేబిస్ లక్షణాలు కావచ్చు. అలాంటి కుక్కను ఎవరూ ముట్టుకోకూడదు, వెంటనే పశువైద్యుడికి కబురు చేయాలి. కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

అందుకే ఈ కరపత్రం కోరేవి ఇవి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదన్న 2017 నాటి కేంద్ర నిబంధనలు కచ్చితంగా అమలు కావాలి. పెంచేవారు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టీకాలు మొదలుపెట్టి పదహారు వారాల వరకు వైద్యుడు చెప్పిన తేదీలకు వేయించాలి. నట్టల మందు, మూడు నెలలకు రేబిస్ టీకా మరవకూడదు. అపార్ట్‌మెంట్ సంఘాలు ఫిర్యాదు రాగానే కుక్కను వెళ్లగొట్టమనకుండా ముందు వైద్య పరీక్ష చేయించమనాలి. పనికి వెళ్లేవారికి వీలుగా ప్రభుత్వ పశువైద్యశాలలు వారానికి ఒక సాయంత్రమైనా కుక్కపిల్లల కోసం తెరిచి ఉండాలి.