కిందున్నవాడు సరేనంటేనే

2024 మార్చి 18న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 దిగి, మళ్లీ ఎగిరింది. సుఖోయ్-30, హాక్ విమానాలు రోడ్డు మీదికి వాలుతున్నట్టే వచ్చి పైకి లేచిపోయాయి. విమానాలు దిగడానికి ఆ రోడ్డు మీద సిద్ధం చేసిన పట్టీ పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. ఆ రోజు మన కళ్లన్నీ రెక్కల మీదే ఉన్నాయి. ఆ రెక్కల కింద నిలబడి పనిచేసే మనుషుల గురించి రాయాలని నాకు అప్పటి నుంచీ ఉంది.

తాడేపల్లిగూడెం వాళ్లకు ఇది పరాయి సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన రన్‌వే మన ఊరి పక్కనే ఉంది. కడకట్లలో ఏపీ నిట్ వచ్చింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం పరిశీలనకు తీసుకున్న ఊళ్లలో గూడెం పేరు కూడా ఉంది. విమానం వస్తుందా, రాదా అన్న వాదన టీకొట్ల దగ్గర ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. వచ్చిన విమానాన్ని నేల మీద నిలబడి చూసుకునేది ఎవరు, వాళ్లకు ఆ పని ఎవరు నేర్పుతారు అన్న మాట మాత్రం ఆ వాదనలోకి రాదు.

జెట్ ఇంజను తనంతట తాను మొదలవదు. ముందు దాని కంప్రెసర్‌ను బయటి శక్తితో తిప్పాలి. తగినంత వేగం అందుకున్నాకే ఇంధనం వదిలి నిప్పు ముట్టించాలి. గాలి చాలకముందే ఇంధనం మండితే వేడి హద్దు దాటి టర్బైన్ రెక్కలు దెబ్బతింటాయి. దాన్నే హాట్ స్టార్ట్ అంటారు. అంతకుముందు విఫలమైన స్టార్ట్‌లో మిగిలిపోయిన ఇంధనం ఉంటే తోక గొట్టంలో మంట లేస్తుంది. యుద్ధ విమానంలో పైలట్ ముందు కూర్చుంటాడు, మంట వెనకాల పుడుతుంది. మీటరు చూసి అతను అనుమానపడేలోపే నిప్పార్పే సిలిండరు పక్కన నిలబడినవాడికి ఆ మంట కనబడుతుంది. వాడి చెయ్యి అంకె ఎనిమిది ఆకారంలో ఊగిందంటే పైలట్ ఇంకేమీ ఆలోచించకుండా ఇంధనం కట్టేయాలి.

ఆ తిప్పే శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నది విమానాన్ని బట్టి మారుతుంది. 1963లో మన వాయుసేనలో చేరి 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకున్న మిగ్-21కి సాధారణంగా లారీ మీద అమర్చిన జనరేటరు నుంచి తీగ తగిలించేవారు. సుఖోయ్-30లో చిన్న టర్బో స్టార్టరు లోపలే ఉంటుంది. ఏఎన్-32లోనూ ఆ శక్తినిచ్చే యంత్రం లోపలే ఉంటుంది. కాబట్టే హాంగరూ జనరేటరు బండీ లేని రోడ్డు మీద దిగినా ఆ విమానం మళ్లీ లేవగలదు. పెద్ద విమానాలకు నేల మీది బండి నుంచి ఇచ్చే ఏసీ కరెంటు మన ఇంటి కరెంటు లాంటిది కాదు. ఇంట్లో 50 హెర్ట్జ్, అక్కడ 400 హెర్ట్జ్. ఆ పౌనఃపున్యంలో జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవిగా, తేలిగ్గా ఉంటాయి. అందుకే గాల్లో మోయడానికి దాన్ని ఎంచుకున్నారు.

స్టార్ట్‌కు ముందు చేసే పనులు చూడటానికి చిన్నవే. కదలకుండా చక్రాలకు చాక్స్ పెట్టాలి, ఎర్త్ తీగ తగిలించాలి, గాలి లోపలికి వెళ్లే మూతి మీది కవరు తీయాలి, భద్రతా పిన్నులు తీసి పైలట్‌కు చూపించాలి, పనిముట్లు లెక్కపెట్టాలి. ఒక్క స్పానరు తక్కువైతే విమానం కదలకూడదు. ఇంజను మూతి ముందు నేల మీద గులకరాయి కూడా ఉండకూడదు. మిగ్-29 తయారుచేసిన రష్యన్లు నేల మీద ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు మూతులు మూసేసి, పైనున్న జాలీల గుండా గాలి పీల్చేలా చేశారు. సుఖోయ్‌లో మూతి లోపల లోహపు వల లేస్తుంది. గరుకు నేల మీద వాడతారని తెలిసే అలా కట్టారు.

రాయిని పీల్చే గాలి మనిషినీ పీలుస్తుంది. 2015 డిసెంబరు 16 రాత్రి ముంబయిలో, హైదరాబాద్‌కు బయలుదేరాల్సిన ప్రయాణికుల విమానం దగ్గర ఒక సాంకేతిక ఉద్యోగి ఇంజనులోకి లాగబడి చనిపోయాడు. నేల మీది సిబ్బంది పూర్తిగా తప్పుకోకముందే విమానం కదిలింది. అది యుద్ధ విమానం కాదు, యుద్ధ సమయం అంతకన్నా కాదు. రెండు రాష్ట్రాల రాజధానుల మధ్య రోజూ తిరిగే సర్వీసు. ఆ వార్త చదివిన రోజు నాకు తిండి సహించలేదు. ఆ ఉద్యోగి చెవులకు హెడ్‌సెట్ ఉంది. అంతటి హోరులో పక్కవాడు అరిచినా వినబడదు. సైగ ఒక్కటే దిక్కు. ఆ సైగ రాకముందే పైవాళ్లు బయలుదేరారు.

సైన్యంలో హోదా అంటే ప్రాణం. కానీ స్టార్ట్ దగ్గర ఆ హోదా తలకిందులవుతుంది. లోపల కూర్చున్నది వింగ్ కమాండరైనా సరే, కింద నిలబడ్డ కుర్ర ఎయిర్‌మ్యాన్ ఒక చేత్తో ఇంజను వైపు చూపించి, రెండో చెయ్యి గుండ్రంగా తిప్పితేనే స్టార్ట్ చేయాలి. ఆ కుర్రవాడు చేతులు అడ్డంగా పెడితే ఆగాలి. ఎందుకు ఆపావని తర్వాత అడగొచ్చు, అప్పుడు మాత్రం అడగకూడదు. నేను ఎంత చదివినా ఇంతకన్నా గొప్ప భద్రతా సూత్రం కనబడలేదు.

మన కొల్లేటి ఊళ్లలోనూ ఇలాంటి సూత్రం ఒకటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఎక్కినవాడు దిగి, అయిపోయిందని చెబితేనే సప్లై ఇవ్వాలి. కరెంటు పోయి చేపల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రైతుకు కంగారు. ఆ కంగారులో ఎల్‌సీ లేకుండానే ఒక ప్రైవేటు కుర్రాడిని స్తంభం ఎక్కిస్తారు. వాడికి జీతం పుస్తకమూ లేదు, శిక్షణా లేదు, వద్దనే అధికారమూ లేదు.

నా భయం అక్కడే. గూడెంలో విమానాశ్రయం వచ్చాక బయటి ఏజెన్సీలు నాలుగు రోజులు నేర్పి మన పిల్లలకు ఫ్లోరోసెంట్ కోటు తొడిగి విమానం కిందికి పంపిస్తే, వాళ్లు చెయ్యి అడ్డం పెట్టగలరా? పెడితే మర్నాడు పని ఉంటుందా? ఆలస్యానికి కారణం నువ్వేనని ఎవరైనా కసిరితే నిలబడగలరా?

కాబట్టి రన్‌వే పొడవు, టెర్మినల్ అద్దాల గురించి మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతీ తేల్చుకోవాలి. వాయుసేనలో ఇరవై ఏళ్లు చేసి పింఛనుతో ఇళ్లకు వచ్చిన మాజీ ఎయిర్‌మ్యాన్‌లు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఆ సైగలు ఇంకా ఉన్నాయి. ఇంజనీరింగ్ చదువు చెప్పే నిట్ మన ఊళ్లోనే ఉంది. వీళ్లిద్దరినీ కలిపి ఐటీఐ చదివిన పిల్లలకు ఏడాది కోర్సు పెట్టవచ్చు. పాత రన్‌వే మీదే చాక్స్ పెట్టడం, కేబుల్ తగిలించడం, మంట ఆర్పడం నేర్పవచ్చు. నియామక పత్రంలో ఒక వాక్యం రాయించాలి: విమానాన్ని ఆపినందుకు ఈ ఉద్యోగిని ఎవరూ శిక్షించరాదు. ఎమ్మెల్యే గారైనా, ఎంపీ గారైనా విమానాశ్రయం కోసం ఢిల్లీ వెళ్లేటప్పుడు ఆ వాక్యాన్ని కూడా ఫైల్లో పెట్టుకుని వెళ్లాలి.