చేపలకూ మొక్కలకూ ఓ రాత్రి

రమజాన్‌లో మన ఇళ్ల హాల్లో లైటు ఆరదు. ఇఫ్తార్, తరావీ, ఆ తర్వాత కబుర్లు, అంతలోనే సెహ్రీ. ఈ మధ్య ఆ హాలు మూల ఒక చిన్న అక్వేరియం కూడా ఉంటోంది. దాని లైటూ ఆరదు.

మా చెల్లెలి ఇంట్లో అదే జరిగింది. చాంద్ కనబడిన రోజు అద్దంలా ఉన్న నీళ్లు ఈద్ నాటికి చెరుకు రసంలా అయ్యాయి. అనకాపల్లి వాళ్లం కదా, ఆ రంగు మాకు బాగా తెలుసు! ఆకుల మీద పచ్చటి జిగురు. చేపలు రాళ్ల వెనక దాక్కున్నాయి. "మామూ, మొక్కలకి రోష్నీ చాలట్లేదంట. పెద్ద లైటు కొనాలంట" అంది మా మేనకోడలు.

నా రాయ్ దానికి ఉల్టా. రోష్నీ తక్కువై కాదు, ఎక్కువై ఆ తొట్టి పాడైంది.

తొట్టి అడుగున్నర పొడవు, 20 లీటర్ల నీళ్లు. అందులో ఉన్నవి అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్. మొదటిది ఆఫ్రికా అడవి వాగుల్లోది, మిగతా రెండూ మన ఆసియావే. పైన పెద్ద చెట్లు, కింద నీడ, ఆ నీడలో బతకడం వాటికి అలవాటు. అనూబియాస్ ఒక కొత్త ఆకు వేయడానికి వారాలు తీసుకుంటుంది. ఇంత నెమ్మది మొక్క ముందు గంటల తరబడి వెలుగు పోస్తే అది తినగలిగింది తింటుంది. మిగిలింది నాచు తింటుంది. చేపల మలం, మనం ప్యార్‌తో ఎక్కువగా వేసిన మేత ఆ నాచుకు ఎరువు.

హిసాబ్ కష్టమేమీ కాదు. ఇలాంటి మొక్కలకు లీటరుకు 10 నుంచి 20 లుమెన్లు చాలు. అంటే 20 లీటర్లకు 200 నుంచి 400. మన హాల్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బే సుమారు 900 ఇస్తుంది. కాబట్టి తొట్టికి మూడు, నాలుగు వాట్ల తెల్ల లైటు సరిపోతుంది. డబ్బా మీద 6500కె అని ఉంటే బాగు. రంగులు మార్చే ఖరీదైన లైట్లు మన కళ్ల షౌక్ కోసమే. వెలగాల్సింది రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు, అంతే.

అలాగని అసలు లైటే వద్దనుకోకండి. హాలు ట్యూబ్‌లైటు మీద వదిలేస్తే మొక్క చావదు గానీ బతికినట్టూ ఉండదు. కిటికీ పక్కన పెడితే ముఫ్త్ కదా అనేవాళ్లూ ఉన్నారు. మన మే నెల ఎండకు 20 లీటర్లు ఎంతసేపట్లో వేడెక్కుతాయో, ఆ వేడి నీళ్లలో చేపకు ఊపిరి ఎంత కష్టమో ఆలోచించండి.

నా అసలు ఫికర్ నాచు గురించి కాదు, నాచును గీకేయొచ్చు. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ గురించిన హదీస్ మన పిల్లలకి కూడా తెలుసు. మనం మేత వేస్తున్నాం కదా, మన జిమ్మా తీరిపోయింది అనుకుంటాం. ఈ చేపలకు కనురెప్పలుండవు. చీకటి కావాలంటే మనమే ఇవ్వాలి. ఇబాదత్ నెలలో, మనం మేలుకున్నామని ఒక బేజబాన్ ప్రాణికి ముప్పై రాత్రులు లేకుండా చేయడం జుల్మ్ కాదా? పిల్లల్ని తిట్టి లాభం లేదు, స్విచ్ పెద్దల చేతిలోనే ఉంది.

మేము ఆ పెద్ద లైటు కొనలేదు. జిగురు పట్టిన ఆకులు కత్తిరించాం. నీళ్లు వారం వారం పావు వంతు మార్చాం, మేత తగ్గించాం. ప్లగ్గుకి టైమర్ పెట్టాం. క్రిప్టోకోరైన్ ఆకులు కరిగిపోయినా వేరు పీకేయొద్దని, సబర్ చేయమని మేనకోడలికి చెప్పాను. వేరు నుంచి మళ్లీ చిగురొచ్చింది.

వచ్చే రమజాన్‌కి మా చెల్లి ఇప్పుడే షరతు పెట్టింది, "భాయ్, ఇఫ్తార్‌కి మెహమాన్లు వచ్చేసరికి తొట్టి వెలుగుతూ ఉండాలి" అని. టైమర్ మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 వరకు పెట్టి వచ్చాను.