అరువు తెచ్చుకొన్న గంటలు

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణమునకు చేరువగా జియా సరాయ్ అను చిన్న ఊరు కలదు. ఊరనుటయే న్యాయము; ఏలయన మహానగరము నలుదిక్కులనుండి క్రమ్ముకొని వచ్చినను, ఇద్దరు ఎదురుపడినచో ఒకరు ప్రక్కకు ఒదుగవలసిన సందులును, ఆ సందులకు ఇరువైపుల ఎండ చొరకుండ నిలిచిన నాలుగైదంతస్తుల మేడలును, ఆ మేడల నడుమ ఆకాశమునకు వల పన్నినట్లు అల్లుకొన్న కరెంటు తీగలును ఇప్పటికిని పాత పల్లె ఆకారమునే చూపుచున్నవి. సరాయి యనగా బాటసారులు రాత్రివేళ తలదాచుకొను సత్రము. ఆ పేరు నేటికిని సార్థకమే. గేట్ పరీక్షకును, నెట్ పరీక్షకును సిద్ధపడువారు, ఐఐటీలోను జేఎన్‌యూలోను పరిశోధన చేయువారు దేశపు నలుమూలలనుండి వచ్చి, ఇక్కడి గదులలో రెండేండ్లో మూడేండ్లో విడిసి, పని ముగియగనే వెడలిపోవుదురు. వారికొరకే క్రింది అంతస్తులలో జిరాక్సు దుకాణములు, పుస్తకముల అంగళ్లు, మెస్సులు వెలసినవి. వారికొరకే మేడమీది గదులు కొన్ని బల్లలతో కుర్చీలతో నిండి ‘లైబ్రరీ’లైనవి. పేరు లైబ్రరీయే గాని అందు పుస్తకము లుండవు. నెలకింతయని చెల్లించినవారికి ఒక కుర్చీ, ఒక దీపము, ఫోను ఛార్జింగుకు ఒక ప్లగ్గు, వీనితోబాటు నిశ్శబ్దము లభించును.

పగలు ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగము, సాయంకాలము పార్ట్‌టైమ్ పరిశోధన చేయు నాకును ఆ లైబ్రరీలలో ఒకదానియందు ఒక కుర్చీ కలదు. గడచిన శీతకాలమున ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలవేళ, నా ప్రక్కనున్న యువతి తన ఫోనును నీళ్లసీసాకు ఆనించి నిలిపి, దానివైపే చూచుచుండుట గమనించితిని. ఆ చిన్న తెరమీద అయిదేండ్ల బాలుడొకడు పలకను రెండుచేతుల ఎత్తి పట్టుకొనియుండెను. పలకమీది అక్షరములు తెలుగువి. గదిలో మాటలాడరాదను నియమ మున్నది గనుక ఆమె పెదవి కదపలేదు. బాలుడు వంకరగా చుట్టిన ‘ఋ’ను చూచి, తాను సగములో విడిచిన సమీకరణ మొకటి గల కాగితపు అంచున పెద్దదిగా ‘ఋ’ అని వ్రాసి, ఆ కాగితమును తెరకు చూపెను. వాడు తుడిచి మరల వ్రాసెను. ఆమె తల ఊపెను. ఒక్క మాటయైనను లేక పది నిమిషములు ఆ పాఠము సాగినది. పిమ్మట ఎవరో వృద్ధురాలి చేయి తెరమీదికి వచ్చి, బాలుని భుజము పట్టి నిద్రకు తీసికొనిపోయెను. తెర నల్లబడెను. ఆమె విడిచిన సమీకరణమును మరల అందుకొనెను.

ఆ వృద్ధురాలి చేతిని గూర్చియే నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఉద్యోగము చేయుచు, బిడ్డలను పెంచుచు, ఊళ్లు తిరుగుచు, పైచదువులు చదువువారిని గూర్చి మాట వచ్చినప్పుడెల్ల లోకము ఒకే హితవు చెప్పుచున్నది: తెల్లవారుజామున లెమ్ము, మెట్రోలో చదువుము, ఆదివారమును వృథా చేయకుము, కాలమును సద్వినియోగము చేసికొనుము. ఈ హితవులో అసత్యము లేదు. ఐఐటీ స్టేషనులో మెజెంటా మార్గపు రైలెక్కి, హౌజ్ ఖాస్‌లో దిగి, రద్దీలో నిలుచుండియే వ్యాసములు చదివిన దినములు నాకును పెక్కులున్నవి. కాని ఈ హితవు ఒక సత్యమును మరుగుపరచుచున్నది. రోజుకు గంటలు ఇరువదినాలుగే. ఎంతటి నేర్పరియైనను ఇరువదియైదవ గంటను పుట్టింపజాలడు. చంటిబిడ్డ గల తల్లియో తండ్రియో పుస్తకము ముందు కూర్చుండిన ప్రతి గంటయు, అదే సమయమున ఆ బిడ్డను ఎత్తుకొన్న మరియొకరు ఇచ్చిన గంటయే. దానిని మనము ‘నా కాలము’ అనుచున్నాము. నిజమునకు అది అరువు.

మా ఇంటి సంగతియే చెప్పెదను. మావారి ఉద్యోగము నెలలో పది దినములు ఊళ్లు తిరుగు ఉద్యోగము. నా పరిశోధనకు కావలసిన పాత కాగితములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమున ఉన్నవి గనుక, ఏటికి రెండుమార్లు నేనును ప్రయాణము కట్టక తప్పదు. అట్టి సమయములందు మా అత్తగారు కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, ఒక పగలును ఒక రాత్రియు ప్రయాణము చేసి, మోకాళ్లనొప్పులతో మా మూడవ అంతస్తు మెట్లెక్కి వచ్చును. ఈ ఊరిలో ఆమె మాటలాడదగిన తెలుగు వారు ఇద్దరు ముగ్గురు మాత్రమే. సాయంకాలము మా పాపను ఒడిలో నుంచుకొని, కిటికీకడ కూర్చుండి, నేను సందు మలుపు తిరుగునంతవరకు ఎదురుచూచును. ఒకనాడు నేను పుస్తకముల సంచితో బయలుదేరుచుండగా పాప, “నానమ్మా, అమ్మ బడికి పోతే నువ్వు ఎప్పుడు పోతావు?” అని అడిగెను. అత్తగారు, “నా బడి నువ్వే బిడ్డా” అనెను. ఆ మాటలోని ప్రేమకు నేను తల వంచితిని. కాని ఆమె అయిదవ తరగతితో చదువు మానిన మనిషియని నాకు తెలియును. ఆ తెలివిడి ఆనాడు నన్ను చదువనీయలేదు.

ఈ అరువు అత్తగారితోనే ఆగుటలేదు. ఆమె ఊరికి వెళ్లిన నెలలలో, పొద్దున్న వంట చేయు ఆమెయే సాయంకాలమును వచ్చి పాపను చూచుకొనుచున్నది. అందుకు తగిన జీతము ఇచ్చుచున్నాననియు, ఎవరికిని రుణపడలేదనియు నేను చాలకాలము అనుకొంటిని. ఒకనాడు, “మీ చిన్నవాణ్ణి ఈ వేళప్పుడు ఎవరు చూస్తారు?” అని అడుగగా, “మా పెద్దపిల్ల చూస్తుంది” అని చెప్పెను. ఆ పెద్దపిల్ల వయస్సు పదకొండేండ్లు. అనగా నా పరిశోధన వ్యాసమునందలి కొన్ని పుటలు, లెక్క చూచినచో, పదకొండేండ్ల పిల్ల ఆడుకొనవలసిన, చదువుకొనవలసిన గంటలతో వ్రాయబడినవి. ఒకరి చదువు మరియొకరి చదువును హరించి సాగుచున్నచో, దానిని స్వయంకృషి యని పొగడుట ధర్మమా?

ఇట్లేల జరుగుచున్నది? మన పూర్వులు బ్రహ్మచర్యమును ముందును గార్హస్థ్యమును తరువాతను ఉంచిరి. చదువు ముగిసిన పిదపనే ఇల్లు. ఆ కాలము పోయినది గాని, ఆ క్రమము మన విద్యాసంస్థల నియమములలో నేటికిని జీవించియున్నది. తరగతుల వేళలు, హాస్టలు గదులు, సెమినార్ల తేదీలు, ఇవన్నియు ఇరువది మూడేండ్ల ఏకాకి యువకుని మనస్సులో నుంచుకొని ఏర్పరచినవే. ఇల్లు మాత్రము పాత పద్ధతినే నడచుచున్నది. జాతీయ గణాంక కార్యాలయము 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, వేతనములేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొన్న పురుషులు 97 నిమిషములును దానికై వెచ్చించుచున్నట్లు తేలినది. అదియును, ఆ పనిలో చేయి పెట్టినవారే స్త్రీలలో నూటికి 81 మంది కాగా, పురుషులలో 26 మంది మాత్రమే. అరువు గంటలు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో ఈ అంకెలే చెప్పుచున్నవి.

గంటను ఇచ్చిపుచ్చుకొనుట ఎంతటి ఫలము నీయగలదో తెలుగు దేశమునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ బాల్యముననే వివాహితయై, బడి చదువునకు నోచుకొనలేదు. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆమె ఇంటనే ఉండి నాగపురమున చదువుకొనెను. అక్క తమ్మునికి ఇల్లును అన్నమును ఇచ్చెను, తమ్ముడు అక్కకు తాను నేర్చినదానిని నేర్పెను. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖమును దిగమ్రింగి, సంసారమును నడపుచునే ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించెను. ఆ తమ్ముడే తరువాత విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించెను. అక్కడ గంట ఒకరినుండి ఒకరికి పోయినది, తిరిగి వచ్చినది. ఎవరి చదువును ఎవరును హరింపలేదు.

ఆ ఇంటి న్యాయమును దేశపు ఏర్పాటుగా మార్చుటకు యత్నించినవారిలో ఇద్దరు తెలుగువారి గురుతులు జియా సరాయ్‌కు చెరియొక వైపున కొలది దూరమున ఉన్నవి. ఒకవైపున మెట్రో పింక్ మార్గమునందలి ఒక స్టేషను దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మోయుచున్నది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగి, విడుదలయైన పిదప తన చదువును మొదటినుండి అందుకొన్న ఆమెకు, వయస్సు మీరిన చదువులోని కష్టము స్వానుభవము. అందుచేతనే ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలుగా నుండగా 1958లో, బడికి దూరమైన వయోజన స్త్రీలు తక్కువకాలములో పరీక్షలకు కూర్చుండుటకై సంక్షిప్త విద్యాక్రమములు ఆరంభమైనవి. మరియొకవైపున, మైదాన్ గఢీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1969లో బ్రిటనులో ఓపెన్ యూనివర్సిటీ వెలసిన పిదప, భారతదేశమున ఆ మార్గమును మొట్టమొదట తెరచినది 1982లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. అదియే నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. దానికి ప్రథమ ఉపకులపతియైన ఆచార్య జి. రామరెడ్డియే 1985లో ఢిల్లీలోని ఈ ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమునకును ప్రథమ ఉపకులపతి యయ్యెను. విద్యార్థి విద్యాలయమునకు రాలేనిచో విద్యాలయమే విద్యార్థి ఇంటికి పోవలెనను తలంపు, గృహస్థుని కూడ విద్యార్థిగా గుర్తించిన తలంపు.

నియమములును కొంత కదలినవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు ఉద్యోగులకు పార్ట్‌టైమ్ పరిశోధనను అనుమతించుచున్నవి. స్త్రీలకు గడువులో రెండేండ్ల సడలింపును, ప్రసూతి లేక శిశుసంరక్షణ సెలవును 240 దినములవరకు ఇచ్చుచున్నవి. ఇది మేలే. కాని ఈ మేలునందే ఒక లోపమున్నది. ఆ సెలవు తల్లికే గాని తండ్రికి లేదు. బిడ్డ తల్లి బాధ్యతయేయని నియమమే ఒప్పుకొన్నట్లైనది. అట్లే, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనముల చట్టము ఏబదిమంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న చోట శిశుశాల ఉండవలెనని విధించినది గాని, చట్టము లెక్కించినది ఉద్యోగులను; విద్యార్థి బిడ్డ ఆ లెక్కలో లేదు.

చిన్న విషయములే పెద్ద అడ్డంకులగుచుండును. నేను ఒక సెమినారు చెప్పవలసిన తేదీ మారినట్లు ఒకనాటి సాయంకాలము ఆరు గంటలకు తెలిసెను. మరునాడు ఉదయము తొమ్మిది గంటలకే హాజరు కావలెను. ఆ రాత్రి పాపకు జ్వరము, మావారు నాగపురములో, అత్తగారు ఊరిలో. తెల్లవారగనే ఇరుగుపొరుగువారి తలుపులు తట్టి, మేడమీది గదిలోని బీహారు విద్యార్థిని ఒకతెకు మందుసీసాను, ధర్మామీటరును అప్పగించి పరుగెత్తితిని. ఆ అమ్మాయి తన నెట్ పరీక్ష పుస్తకమును మూసి, మధ్యాహ్నమువరకు పాప నుదుట తడిగుడ్డ మార్చుచు కూర్చుండెను. ఎవరో ఒక తేదీని నాలుగు దినములు ముందుగా తెలిపియుండినచో, ఒక పిల్ల చదువు అర్ధదినము నష్టపోయెడిది కాదు.

చదువు చిన్నవయస్సు పని, బిడ్డలు కలిగిన తరువాత ఈ తాపత్రయ మెందుకని పెద్దలు కొందరందురు. కాని ఉద్యోగము నిలుపుకొనుటకే జీవితమంతయు నేర్చుకొనవలసిన కాలమిది. పైగా తల్లి చదువుచుండగా చూచిన బిడ్డకు చదువు విలువ వేరొకరు బోధింపనక్కరలేదు. ఇక మాకై ప్రమాణములను తగ్గింపుమని ఎవరును కోరుటలేదు. పరీక్ష కఠినముగానే ఉండనిండు. గ్రంథపరిశీలన నిశితముగానే జరుగనిండు. కోరునదెల్ల ఏర్పాటు మాత్రమే.

ఆ ఏర్పాటు ఆకాశపు చుక్క కాదు. ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరువగా, రాత్రి ఎనిమిది గంటలవరకు తెరచియుండు శిశుశాల యొకటి ఉండవలెను. దానిలో పనిచేయువారికి తగిన జీతమును, వారి బిడ్డలకు అందులోనే చోటును ఉండవలెను. సెమినార్ల తేదీలు పదిహేను దినములు ముందుగా ప్రకటింపబడవలెను. శిశుసంరక్షణ సెలవు తల్లిదండ్రు లిరువురికి చెందవలెను. కార్యాలయములు ఉద్యోగి చదువునకు ఇయ్యవలసిన నిరభ్యంతర పత్రమును నెలల తరబడి బల్లమీద నుంచరాదు. ఇక ఇంటిలో పురుషుడు ‘సాయము చేయుచున్నాను’ అను మాటను విడిచి, తన వాటా పనిని తనదిగా చేయవలెను. మావారు ఊరిలో నున్న ఇరువది దినములు రాత్రివంటయు పాప నిద్రయు ఇప్పుడు వారివే. ఆ మార్పునకు మా ఇంట నాలుగేండ్లు పట్టినది.

పరిశోధన గ్రంథపు మొదటి పుటలో కృతజ్ఞతలు చెప్పుట ఆచారము. నా గ్రంథము ముగిసిననాడు మా అత్తగారి పేరు, మా వంటమనిషి పెద్దకూతురి పేరు, ఆ బీహారు అమ్మాయి పేరు అందుండును. కాని అరువు తీర్చుట ఒక పంక్తితో పోవునది కాదు. పాఠకులారా, మీ ఇంట చదువుకొను తల్లియో తండ్రియో ఉన్నచో, ఈ రాత్రి వారికి ఒక గంట ఇండు. ఇచ్చుటకు ముందు, ఆ గంట ఎవరి చదువునుండి, ఎవరి నిద్రనుండి తీసినదో మాత్రము ఒకమారు చూచుకొనుడు.