పరుగు తగ్గనంత మాత్రాన అలసట తీరినట్టు కాదు

ఐరోపా వృత్తి ఫుట్‌బాల్‌లో ఆదివారం ఒక మ్యాచ్, బుధవారం మరొకటి, శనివారం ఇంకొకటి ఆడటం మామూలైపోయింది. నడుమ రెండు రోజులున్నాయి కదా, శిక్షణకు అది చాలదా అని మీకు అనిపించవచ్చు. వైద్యుని దృష్టిలో అది శిక్షణకు దొరికిన తీరిక కాదు. దేహం కోలుకోవడానికి కావలసిన కనీస గడువు.

మ్యాచ్‌లో ఆటగాడు సుమారు 10 నుండి 12 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. దూరం కంటే హఠాత్తుగా వేగం పెంచడం, ఆగడం, మలుపు తిరగడం కండరాలను ఎక్కువగా దెబ్బతీస్తాయి. కండరాలలో నిలువ ఉన్న గ్లైకోజెన్ కూడా చాలావరకు ఖర్చవుతుంది. ఈ లోటు తీరడానికి 48 నుండి 72 గంటలు, కొందరికి అంతకు మించి పడుతుంది.

చిక్కేమిటంటే, ఈ లోటు బయటికి కనిపించదు. డ్యుపాంట్ బృందం 2010లో ప్రచురించిన పరిశీలనలో, వారానికి రెండు మ్యాచ్‌లు ఆడినప్పుడు కూడా ఆటగాళ్లు పరుగెత్తిన దూరం తగ్గలేదు. కాని ప్రతి 1000 గంటల ఆటకు, శిక్షణకు గాయాలు 4.1 నుండి 25.6కు పెరిగాయి. కనుక ‘బాగానే పరుగెత్తుతున్నాడు’ అన్నది ఆరోగ్యానికి సాక్ష్యం కాదు.

అందువలన జట్టంతటికీ ఒకే శిక్షణ ఇవ్వడం తప్పు. పూర్తిగా ఆడినవారికి మరునాడు తేలికపాటి సైకిల్ వ్యాయామం, పిండిపదార్థాలు గల ఆహారం, గాఢనిద్ర అవసరం. ఆడనివారికి మాత్రం కఠినమైన సాధనే కావాలి. లేకుంటే సామర్థ్యం తగ్గి, అకస్మాత్తుగా మైదానంలో దిగిన నాడు వారే గాయపడవచ్చు. భారాన్ని కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. సాధన ఎంత కష్టమనిపించిందో 10కి అంకె వేయమని ఆటగాణ్ణి అడిగి, దానిని నిమిషాలతో గుణిస్తారు. అదే 60 నిమిషాల సాధన ఒకరికి 180, అలసి ఉన్న మరొకరికి 420 కావచ్చు.

అయితే శిక్షకుని జాగ్రత్త ఒక్కటే చాలదు. 2020–21లో 18 ఏళ్ల పెద్రి క్లబ్బుకు, స్పెయిన్‌కు కలిపి 70కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. యూరో తరువాత టోక్యో ఒలింపిక్స్‌కూ వెళ్లాడు. మరుసటి సీజన్‌లో తొడ కండరాల గాయాలతో చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. ఒక్కరి గాయం రుజువు కాకపోవచ్చు. హెచ్చరిక మాత్రం అవుతుంది. అయినా 2024లో ఛాంపియన్స్ లీగ్ తొలి దశ మ్యాచ్‌లను 6 నుండి 8కి పెంచారు. విశ్రాంతిని శిక్షకుని దయకు వదలక, నిర్వాహకులే నియమంగా చేయాలని నా అభిప్రాయం.

మీ పిల్లలు వరుస టోర్నమెంట్లు ఆడుతుంటే ఇదే సూత్రం పాటించండి. నొప్పి మాత్ర నొప్పిని అణచగలదు గాని, కండరాన్ని కోలుకునేలా చేయలేదు. ఉదయం లేవగానే కాళ్లు బరువుగా ఉన్నాయని బిడ్డ చెబితే, దానిని సాకుగా కాక సమాచారంగా వినండి.